నమలుట వలన మనస్సునకు ఊరట కలుగునా? – ఒక ప్రయోగ విమర్శ

పరీక్ష హాలులో ప్రశ్నపత్రము కొరకు ఎదురుచూచు విద్యార్థులను గమనించిన ఉపాధ్యాయునకు ఒక విషయము తెలిసియే యుండును. ఒకడు గోళ్లు కొరుకుచుండును. ఇంకొకడు కలము చివరను నోట పెట్టుకొనును. మరియొకడు దవడలు బిగించి కూర్చుండును. కోపము వచ్చినవాడు పండ్లు పటపట కొరికెననియు, కష్టము వచ్చినవాడు పంటి బిగువున ఓర్చుకొనెననియు తెలుగున వాడుక. మనస్సునకు కలిగిన ఒత్తిడికిని నోటికిని ఏదో సంబంధము కలదని జనులు శాస్త్రజ్ఞుల కంటె ముందే కనిపెట్టినారు.

అయితే ఈ సంబంధము ఏ దిక్కునకు నడచుచున్నది? ఒత్తిడి కలిగినందున దవడలు కదలుననుట ఒక మాట. దవడలు కదలించినందున ఒత్తిడి తగ్గుననుట వేరొక మాట. మొదటిది ఎవరైనను చూచి చెప్పవచ్చును. రెండవది ప్రయోగము చేసి నిరూపింపవలసినది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరమునందలి స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆండ్రూ షోలీయు, ఆయన సహచరులును 2009లో ప్రకటించిన ఒక ప్రయోగము ఈ రెండవ మాటయే నిజమని చెప్పెను. చూయింగు గమ్ము నమలినచో ఆందోళన తగ్గునని ప్రపంచమంతటను పత్రికలు వ్రాసినవి. ఆ నిర్ణయము ఎంతవరకు నిలుచునో పరిశీలింపదగియున్నది. పరీక్షల కాలములో విద్యార్థికి ఏది మేలు, ఏది వట్టి ప్రకటన యని ఉపాధ్యాయుడు చెప్పవలసివచ్చును గదా!

ఒత్తిడిని కొలుచుట ఎట్లు?

ఒత్తిడి కంటికి కనిపించునది కాదు. దానిని కొలుచుటకు రెండు త్రోవలు కలవు. మొదటిది మనిషిని అడుగుట. "ఇప్పుడు నీకు ఎంత కంగారుగా నున్నది?" అని అడిగి, ఒక గీత మీద గుర్తు పెట్టుమందురు. రెండవది దేహమును అడుగుట. మెదడులోని హైపోథలామస్ అను భాగము ఆపదను గుర్తించినప్పుడు ఒక రాసాయనిక సందేశమును పీయూష గ్రంథికి పంపును. పీయూష గ్రంథి వేరొక హార్మోనును నెత్తురులోనికి విడుచును. అది మూత్రపిండముల మీదనున్న అధివృక్క గ్రంథులను చేరగా, అవి కార్టిసాల్ అను హార్మోనును విడుచును. ఈ కార్టిసాల్ నెత్తురులో చక్కెరను పెంచి, దేహమును ప్రయత్నమునకు సిద్ధపరచును. దీనిలో కొంత భాగము లాలాజలములోనికి చేరును గనుక సూదితో పనిలేకుండ ఉమ్మిని పరీక్షించియే దీనిని కొలువవచ్చును.

ఈ కొలతలో రెండు చిక్కులు కలవు. కార్టిసాల్ దినమంతయు ఒకే మట్టములో ఉండదు. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో అది మిక్కిలి హెచ్చి, సాయంకాలమునకు తగ్గి, అర్ధరాత్రి ప్రాంతమున కనిష్ఠమగును. ఇక ఒత్తిడి కలిగిన వెంటనే ఇది ఉమ్మిలో కనిపించదు. సుమారు 20 నుండి 30 నిమిషములు పట్టును. పైగా కార్టిసాల్ హెచ్చుట ఎల్లప్పుడును దుఃఖమునకు గుర్తు కాదు. నిద్ర లేచినను, గట్టిగా వ్యాయామము చేసినను అది హెచ్చును. ఈ సంగతి ముందు ముందు అవసరపడును.

పూర్వకథ

చూయింగు గమ్ము పుట్టుక తెలుగువారికి పరాయిది కాదు. తోటలలో పెంచు సపోటా చెట్టు యొక్క పాలే ఒకప్పుడు దీనికి మూలపదార్థము. ఆ చెట్టు మెక్సికో, మధ్య అమెరికా దేశములది. దాని పాలను కాచి చేసిన బంకను అచ్చటివారు చిరకాలముగా నమలుచుండిరి. న్యూయార్కు వాసియైన థామస్ ఆడమ్స్ దానితో గమ్ము చేయు యంత్రమునకు 1871లో పేటెంటు పొందెను. నేడు చాలమట్టుకు కృత్రిమ పదార్థములనే వాడుచున్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలము నుండి అమెరికా సైనికుల ఆహారపు పొట్లములలో గమ్ము చేరినది.

దీనిని శాస్త్రీయముగా పరీక్షించిన మొదటివారిలో అమెరికా మనశ్శాస్త్రవేత్త హారీ హాలింగ్‌వర్త్ ఒకడు. ఈయన కథ తెలిసికొనదగినది. 1911లో అమెరికా ప్రభుత్వమునకును కోకాకోలా కంపెనీకిని నడచిన వ్యాజ్యములో కెఫీను ప్రభావమును పరీక్షించు పనిని కంపెనీ ఈయనకు అప్పగించెను. ఫలితమేదైనను ప్రచురించుటకు తనకు స్వేచ్ఛ యుండవలెననియు, తన పేరును ప్రకటనలలో వాడరాదనియు ఆయన షరతు పెట్టెను. కెఫీనును గొట్టపు మాత్రలలో నింపించి, కొన్ని మాత్రలలో కెఫీనునకు బదులు నిరపాయమైన పొడిని పెట్టించెను. ఏ మాత్రలో ఏమున్నదో మ్రింగినవారికి గాని, కొలిచినవారికి గాని తెలియదు. కంపెనీ ధనముతో జరిగినను ఆ ప్రయోగము మంచి నమూనాగా నిలిచినది.

అదే హాలింగ్‌వర్త్ 1939లో నమలుటను గూర్చిన ఫలితములను ప్రకటించెను. పని చేయుచు గమ్ము నమలినవారికి శ్రమ తక్కువగా తోచినదనియు, దేహములోని ఇతర కండరముల బిగువు తగ్గినదనియు ఆయన నిర్ణయము. అయితే కెఫీను విషయమున చేయగలిగిన పని ఇచ్చట చేయలేకపోయెను. కెఫీనును మాత్రలో దాచవచ్చును. నమలుటను ఎందులో దాచగలరు? తాను నమలుచున్నాడో లేదో తెలియని మనిషి ఉండడు. 1939లో అడ్డుపడిన ఈ చిక్కే 2009లోను అడ్డుపడినది.

2009 నాటి ప్రయోగము

షోలీ బృందము సగటున 22 ఏండ్ల వయస్సు గల 40 మందిని తీసికొనెను. వారు ఒక యంత్రము ముందు కూర్చుండి ఒకేసారి పలుపనులు చేయవలెను. లెక్క కట్టుట, గుర్తుంచుకొనుట, తెర మీది సూచనలకు వెంటనే స్పందించుట, ఇవన్నియు కలసి వచ్చి మనిషిని ఉక్కిరిబిక్కిరి చేయును. ఒకే మనిషి వేర్వేరు దినములలో ఒకసారి గమ్ము నమలుచును, ఒకసారి నమలకయు ఈ పని చేసెను. ముందును వెనుకను ఆందోళనను అడిగి తెలిసికొనిరి, ఉమ్మిని పరీక్షించిరి.

ఫలితములను గూర్చి పత్రికల కందిన ప్రకటనలో ఈ అంకెలు కనిపించినవి. స్వల్పమైన ఒత్తిడిలో నమలినవారి ఆందోళన సుమారు 17 శాతము, మధ్యరకపు ఒత్తిడిలో సుమారు 10 శాతము తక్కువ. కార్టిసాల్ వరుసగా 16 శాతము, సుమారు 12 శాతము తక్కువ. పనిలోని నేర్పు స్వల్పమైన ఒత్తిడిలో 109 శాతము, మధ్యరకపు ఒత్తిడిలో 67 శాతము ఎక్కువ.

ఈ ప్రయోగములోని మంచిని మొదట చెప్పుట న్యాయము. ఒకే మనిషిని రెండు స్థితులలోను పరీక్షించుట సరియైన పద్ధతి. ఒకడు పుట్టుకతో పిరికి, ఇంకొకడు ధీరుడు అను భేదము దీనిచేత తొలగిపోవును. మనస్సును, దేహమును రెండింటిని కొలిచిరి. ఫలితమునకు కారణము తెలియదనియు, మెదడునకు రక్తప్రసారము హెచ్చుట కావచ్చుననియు, పని బాగుగా సాగినందున కలిగిన ఊరట కావచ్చుననియు పరిశోధకులే తమ వ్యాసములో వ్రాసిరి. ఈ జాగ్రత్త మెచ్చదగినది. కాని పత్రికలలో ఈ జాగ్రత్త కనబడలేదు.

తెలివైన విద్యార్థికి ఇచ్చట ఒక సందేహము తోచవచ్చును. గమ్ము నమలినచో ఉమ్మి ఎక్కువగా ఊరును గదా, దానిలో కార్టిసాల్ పలుచబడి తక్కువగా కనిపించినదేమో యని. ప్రశ్న మంచిదే గాని ఆక్షేపణ నిలువదు. కార్టిసాల్ కొవ్వులో కరగు పదార్థము. అది కణముల పొరలగుండ నెత్తురు నుండి ఉమ్మిలోనికి సులభముగా ప్రవేశించును గనుక ఉమ్మి ఎంత ఊరినను దానిలోని సాంద్రత అంతగా మారదు. నిలువని ఆక్షేపణలతో ప్రయోగమును కొట్టివేయుటయు తప్పే.

నిలుచు ఆక్షేపణలు

నిలుచు ఆక్షేపణలు నాలుగు కలవు.

మొదటిది పైన చెప్పినదే. నమలుచున్న సంగతి నమలువానికి తెలియును. గమ్ము మేలు చేయునను మాట అమెరికాలో, ఐరోపాలో పిల్లవానికి కూడ తెలిసినదే. తెలిసినవాడు "కంగారు తగ్గినది" అని చెప్పుటలో అబద్ధము లేకపోయినను, ఆ మాట గమ్ము చేసిన పని కాక నమ్మకము చేసిన పని కావచ్చును.

రెండవది, దేనితో పోల్చిరి? గమ్ము నమలుటను, ఏమియు నమలకుండుటతో పోల్చిరి. గమ్ములో తీపి యున్నది, పుదీనా వంటి సువాసన యున్నది, దవడల కదలిక యున్నది, వేరే పని లేని నోటికి ఒక పని యున్నది. ఫలితము ఈ నాలుగింటిలో దేనిదో ఈ పోలికచేత తెలియదు. రసాయనశాలలో నాలుగు ద్రవములను ఒకేసారి పోసి, రంగు మారిన తరువాత "ఇది మొదటి ద్రవము వలననే" అన్నచో ఏ ఉపాధ్యాయుడును మార్కులు ఇయ్యడు.

మూడవది అంకెల సంగతి. నేర్పు 109 శాతము హెచ్చినదనగా రెండింతలకు పైగా అయినదని అర్థము. ఇంత పెద్ద అంకె ఎట్లు వచ్చినది? ఆ యంత్రములో సరియైన సమాధానమునకు మార్కులు కలుపుదురు. తప్పునకు, ఆలస్యమునకు తీసివేయుదురు. ఇట్టి లెక్కలో సున్న యనునది నేర్పు లేకపోవుటకు గుర్తు కాదు. ఒప్పులును తప్పులును సరిపోయిన చోటు మాత్రమే. ఉదాహరణకు ఒకనికి నికరముగా 20 మార్కులు వచ్చి, నమలినప్పుడు 42 వచ్చిన వనుకొందము. హెచ్చు 110 శాతము. అదే పనిలో ప్రతివానికి మొదటనే 100 మార్కులు ఇచ్చి లెక్క ప్రారంభించినచో అవే ఫలితములు 120, 142 అగును. హెచ్చు 18 శాతమునకు కొద్దిగా మించును. మనిషి మారలేదు, గమ్ము మారలేదు, పని మారలేదు. శాతము మాత్రము మారినది. సెంటిగ్రేడు కొలతలో 10 డిగ్రీల నీటి కంటె 20 డిగ్రీల నీరు రెండింతలు వేడియనుట ఎంత తప్పో ఇదియు అంతే తప్పు. గణితము చెప్పు ఉపాధ్యాయులకు ఇది చక్కని ఉదాహరణ.

నాలుగవది ధనము సంగతి. ఈ ప్రయోగమునకు సహాయము చేసిన సంస్థ, రిగ్లీ అను గమ్ము కంపెనీ 2006లో స్థాపించిన విజ్ఞాన సంస్థ. ఇంతమాత్రము చేత ఫలితము అబద్ధమనరాదు. హాలింగ్‌వర్త్ కథయే దీనికి సాక్ష్యము. కాని ధనమిచ్చినవారికి లాభించు ఫలితము వచ్చినప్పుడు దానిని సంబంధము లేనివారు తిరిగి చేసి చూపువరకు నిర్ణయమును ఆపియుంచుట పాడి.

ఎదురు సాక్ష్యము

తిరిగి చేసిన ప్రయోగములు ఏమి చెప్పినవి? మానసికపు ఒత్తిడి ఎల్లప్పుడును ఒకే తీరుగ ఉండదు. ఇంగ్లండులో కొందరు, పూర్తిచేయుట అసాధ్యమైన అక్షరముల చిక్కులను ఇచ్చి మనుష్యులను విసిగించి చూచిరి. 2009లో ప్రకటింపబడిన ఆ ప్రయోగములో గమ్ము ఆ విసుగును తగ్గింపలేదు.

ఇంతకంటె ముఖ్యమైనది వేల్సు దేశమునందలి కార్డిఫ్ విశ్వవిద్యాలయమున ఆండ్రూ స్మిత్ 133 మందితో చేసి 2010లో ప్రకటించిన ప్రయోగము. ఇచ్చట ఒత్తిడి కలిగించుటకు పెద్ద ధ్వనిని వాడిరి. నమలినవారు మరింత చురుకుగా నుండిరి. కాని వారి గుండె వేగము హెచ్చినది. కార్టిసాల్ కూడ తగ్గుటకు బదులు హెచ్చినది! 2009లో "కార్టిసాల్ తగ్గినది, కావున గమ్ము మంచిది" అనిరి. 2010లో కార్టిసాల్ హెచ్చగా, "ఇది చురుకుదనమునకు గుర్తు" అనిరి. హెచ్చినను మంచిదే, తగ్గినను మంచిదే యను వాదము ఎన్నటికిని ఓడిపోదు. ఓడిపోవుటకు వీలులేని వాదము విజ్ఞానశాస్త్రములో గెలుపొందినట్లు కాదు. ఏ ఫలితము వచ్చినచో తమ మాట తప్పగునో ప్రయోగమునకు ముందే చెప్పి, తరువాత కొలువవలెను.

స్మిత్ చేసిన వేరొక పని 2009లో వెలువడినది. బ్రిటన్‌లో 2,248 మంది ఉద్యోగులను విచారింపగా, గమ్ము నమలు అలవాటున్నవారు తమకు ఒత్తిడి తక్కువయని చెప్పిరి. సంఖ్య పెద్దదే. కాని ఇది ప్రయోగము కాదు, గణన మాత్రమే. గమ్ము నమలుటచేత ఒత్తిడి తగ్గినదా, లేక తీరికగా గమ్ము నమలగల ఉద్యోగములలో సహజముగనే ఒత్తిడి తక్కువయా? రోజంతయు వినియోగదారులతో మాటలాడవలసినవాడును, తరగతిలో పాఠము చెప్పవలసినవాడును నమలుచు కూర్చుండలేరు గదా! గొడుగులు ఎక్కువగా కనిపించిన దినమున వాన కురియును. గొడుగులే వాన తెచ్చెనని ఎవరును అనరు.

ఎలుకలు చెప్పు మాట

ఇంతవరకు చెప్పిన దానినిబట్టి నమలుటలో ఏమియు లేదని తీర్మానించుట తొందరపాటు. జపానులో చేసిన ఒక ప్రయోగము ఇచ్చట బలమైన సాక్ష్యము. ఎలుకను కదలకుండ కట్టివేసినచో దానికి తీవ్రమైన ఒత్తిడి కలుగును. హైపోథలామస్‌లో ఒత్తిడి సందేశమును తయారుచేయు నాడీకణముల పని హెచ్చును. కట్టివేయబడిన ఎలుకకు ఒక కర్రముక్కను కొరుకుటకు అందించినచో ఈ హెచ్చుట తగ్గినదని 2004లో ప్రకటించిరి. ఎలుకకు గమ్ము ప్రకటనలు తెలియవు; శాస్త్రజ్ఞుని మెప్పించవలెనను కోరికయు లేదు. కావున నమ్మకము చేసిన పని యను మొదటి ఆక్షేపణ దీనికి అంటదు.

అయినను రెండు సంగతులు మరువరాదు. కట్టివేయబడిన ఎలుకకు కొరుకుట తప్ప వేరొక దారి లేదు. నిస్సహాయస్థితిలో ఏదో ఒక పని దొరకుటయే ఊరటయా, లేక కొరుకుటలోనే ఏదైన విశేషమున్నదా? ఇక గట్టి కర్రను బలముగా కొరుకుటకును, మెత్తని గమ్మును తాపీగా నమలుటకును భేదము కలదు. ఎలుక నుండి పరీక్ష హాలులోని విద్యార్థి వరకు దూరము చాల యున్నది. ఆ దూరమును ప్రకటనకర్తలు ఒక్క గంతులో దాటిరి.

నమలుట వేరు, నమలబడునది వేరు

ఈ విషయమున తెలుగువారు ప్రత్యేకముగా జాగ్రత్త పడవలసిన కారణము కలదు. "తాంబూలము వేసికొనినచో మనస్సు కుదుటపడును", "పొగాకు నోట పెట్టనిదే పని సాగదు" అనువారు పల్లెలలోను పట్టణములలోను కలరు. నమలుట మంచిదను వార్త చదివి, వీరు తమ అలవాటునకు శాస్త్రము అండ దొరకినదని భావింపవచ్చును. ఇది పెద్ద పొరపాటు. వక్కలో అరెకోలిన్ అను ఉత్తేజక పదార్థమున్నది. పొగాకులో నికోటిన్ ఉన్నది. ఆ ఊరట దవడలది కాదు, ఈ పదార్థములది. నికోటిన్‌కు అలవాటుపడినవానికి అది అందనప్పుడు చిరాకు పుట్టును. అందినప్పుడు ఆ చిరాకు శమించును. తాను పెట్టిన మంటను తానే ఆర్పి మెప్పుపొందువాని వంటిది పొగాకు. పొగాకు లేకపోయినను వక్క నమలుట క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన గ్రంథములో నిర్ధారించినది. వక్క అలవాటువలన నోటిలోపలి పొర గట్టిపడి, నోరు తెరచుట కూడ కష్టమగు వ్యాధి మన దేశమున సామాన్యము. గుట్కా పొట్లము కొను బాలునకు దవడల వ్యాయామమును గూర్చిన ఏ ప్రయోగమును రక్షణ కాదు.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

పైని ఆక్షేపణలను తీర్చు ప్రయోగము కష్టమైనది కాదు. ఉన్నత పాఠశాలలోనే చేయవచ్చును. 30 మంది విద్యార్థులు, ఒక సెకనుల ముల్లు గల గడియారము చాలును. ప్రతి విద్యార్థియు మూడు దినములలో, ఒకే వేళకు, 1000 నుండి ఏడేసి చొప్పున తీసివేయుచు అయిదు నిమిషములు పైకి లెక్కపెట్టవలెను. ఒకనాడు గమ్ము నమలును. ఒకనాడు పిప్పరమెంటు బిళ్లను నమలక బుగ్గన ఉంచుకొనును. ఒకనాడు రబ్బరు బంతిని చేత నొక్కుచుండును. తీపి, సువాసన రెండవనాడు కూడ ఉన్నవి. దవడల కదలిక లేదు. మూడవనాడు కదలిక యున్నది. నోటికి పని లేదు. గమ్మునాటి ఫలితము ఈ రెండింటిని మించినచో అప్పుడు నమలుటకు ప్రత్యేక గుణము కలదనుటకు కొంత ఆధారము దొరకును.

మూడు స్థితులను ఆరు వరుసలలో అమర్చవచ్చును. ఒక్కొక్క వరుసకు అయిదుగురు చొప్పున చీట్లు తీసి నిర్ణయించినచో అభ్యాసము వలన కలుగు మార్పు అన్ని స్థితులకు సమముగా పంచబడును. నోటిలోనిది ఉమ్మివేసి, బంతిని ప్రక్కన పెట్టిన తరువాతనే, అంతవరకు గదిలో లేని విద్యార్థి వచ్చి నాడిని ఒక నిండు నిమిషము లెక్కింపవలెను. అప్పుడు కొలుచువానికి స్థితి తెలియదు. ఏ ఫలితము వచ్చినచో ఏమి నిర్ణయింపవలెనో ముందే నల్లబల్ల మీద వ్రాయవలెను. నాడి, ఆందోళనపు గుర్తు, తప్పుల సంఖ్య – ఈ మూడింటిని శాతములుగా మార్చక, ఉన్నవి ఉన్నట్లే పట్టికలో చూపవలెను.

తీర్పు

నేటివరకు దొరకిన సాక్ష్యమునుబట్టి చెప్పదగినది ఇంతే. నమలుచున్నప్పుడు చురుకుదనము కొంత హెచ్చుననుటకు ఆధారము కలదు. కొన్ని రకముల పనులలో కంగారు తగ్గినట్లు మనుష్యులు చెప్పుదురు. అన్ని రకములలో కాదు. దేహములోని కార్టిసాల్ విషయమున ప్రయోగములు ఒకదానికొకటి ఎదురు చెప్పుచున్నవి. ఎలుకల ప్రయోగము ఇంకను శోధింపదగిన దారిని చూపుచున్నది. ఈ నాలుగు వాక్యములలో మందుగా అమ్మదగినది ఏదియు లేదు.

విద్యార్థికి పరీక్షలో భయము కలుగుటకు కారణములు దవడలలో లేవు. పాఠము అందకపోవుట, నిద్ర చాలకపోవుట, మార్కులు తగ్గినచో ఇంటిలో ఏమందురో యను దిగులు – ఇవి కారణములు. గమ్ము నమలిన విద్యార్థికి అరగంట ఊరట కలిగినను కలుగవచ్చును. ఈ కారణములు మాత్రము అట్లే యుండును. వాటిని తొలగించు పని కంపెనీలది కాదు, ఇంటిదియు బడిదియు.